కేంద్ర చట్టాల్లో నేరాల సూచిక

పార్లమెంటు చేసిన చట్టాలు, బ్రిటిష్ కాలం నుంచి కొనసాగుతున్న కేంద్ర చట్టాలు, వాటి కింద వెలువడిన నియమాలు, నోటిఫికేషన్లు ఏయే పనులను శిక్షార్హం చేశాయో ఒకచోట క్రమంగా నమోదు చేసి, ఎవరైనా చూసుకునేలా ప్రచురించే పట్టికే కేంద్ర నేరాల సూచిక. భారతదేశంలో ఇలాంటి సంపూర్ణ అధికారిక సూచిక ఒకేచోట లేదు. దాని భాగాలు మాత్రం నేర విచారణ స్మృతి వెంట ఉండే షెడ్యూలులో, గెజిట్‌లో, ఇండియా కోడ్ వెబ్‌సైటులో, నేర గణాంకాల నివేదికల్లో విడివిడిగా ఉన్నాయి. చట్టం తెలియదన్న సాకు కోర్టులో చెల్లదు. కాబట్టి ఏది నేరమో పౌరులకు తెలియజేసే బాధ్యత రాజ్యానిదే అవుతుంది. సూచిక అవసరానికి మూలం ఇదే.

ఈ వ్యాసంలో ఉదాహరణలను ఎక్కువగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి తీసుకోవడమైనది. కుప్పం ఒకవైపు కర్ణాటకకు, మరోవైపు తమిళనాడుకు సరిహద్దున ఉంది. ఏ నేరం కేంద్ర చట్టంలోది, ఏది రాష్ట్ర చట్టంలోది అన్న తేడా అక్కడ రోజువారీ జీవితంలోనే కనిపిస్తుంది.

నిర్వచనం

1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, అమల్లో ఉన్న ఏ చట్టమైనా శిక్షార్హం చేసిన పని నేరం. చేయవలసిన పని చేయకపోవడం శిక్షార్హమైతే అదీ నేరమే. హత్య, దొంగతనం వంటివి ప్రధాన శిక్షాస్మృతిలో ఉంటాయి. గనులు, అడవులు, విద్యుత్తు, తూనికలు, పన్నులు వంటి ఒక్కో విషయానికి చేసిన చట్టాల్లోని నేరాలను ప్రత్యేక చట్టాల నేరాలు అంటారు. దేశంలో ఒక భాగానికే వర్తించేవి స్థానిక చట్టాలు. పోలీసు లెక్కల్లో ఈ రెండింటినీ కలిపి ఒకే శీర్షిక కింద చూపుతారు.

జరిమానాలన్నీ నేరానికి గుర్తు కావు. కోర్టు విధించే జరిమానా నేరానికి శిక్ష. అధికారి విచారించి వేసే సొమ్ము అపరాధ రుసుము మాత్రమే, దానితో ఎవరూ నేరస్థులు కారు. ఈ గీత ఎక్కడుందో తేల్చుకోకుండా సూచిక తయారీ మొదలుపెట్టడం కుదరదు (చూ. నేరాల తొలగింపు).

రాజ్యాంగంలో అధికార విభజన

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో శిక్షాస్మృతి, నేర విచారణ విధానం ఉమ్మడి జాబితాలోని 1, 2 అంశాలు. కేంద్ర జాబితాలోని విషయాలపై చేసిన చట్టాలను ఉల్లంఘించడాన్ని నేరం చేసే అధికారం 93వ అంశం కింద పార్లమెంటుది. రాష్ట్ర జాబితా విషయాల్లో అదే అధికారం 64వ అంశం కింద శాసనసభది. ఉమ్మడి విషయాల్లో రెండు చట్టాలు ఢీకొంటే ఏది నిలుస్తుందో 254వ అధికరణం చెబుతుంది. చేసిన నాటికి నేరం కాని పనికి తర్వాత వచ్చిన చట్టంతో శిక్ష వేయరాదని 20(1) అధికరణం శాసించింది. అందువల్ల సూచికలో ప్రతి నేరానికీ అమలు తేదీ తప్పనిసరి.

చరిత్ర

నేటి మూడు పట్టణాల ప్రాంతం 1800కు కాస్త అటూ ఇటుగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మదనపల్లె తాలూకా కడప జిల్లాలో, పుంగనూరు జమీను, కుప్పం ఉన్న కంగుంది జమీను ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒకే జిల్లా కిందికి వచ్చాయి. కంపెనీ తొలినాళ్లలో ఇక్కడి కోర్టులు ఇస్లామిక్ నేర న్యాయాన్ని, దాన్ని సవరిస్తూ వచ్చిన రెగ్యులేషన్లను పాటించాయి. ఏది నేరమో, దానికి ఎంత శిక్షో సామాన్యుడు చదివి తెలుసుకోగల ఒక్క గ్రంథం అప్పట్లో లేదు.

1833 చార్టరు చట్టం కింద ఏర్పడిన తొలి లా కమిషన్ మెకాలే నాయకత్వంలో 1837లో శిక్షాస్మృతి ముసాయిదాను సిద్ధం చేసింది. అది 1860 అక్టోబరు 6న చట్టమై 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 23 అధ్యాయాలు, 511 సెక్షన్ల ఆ ఇండియన్ పీనల్ కోడ్‌ను దేశంలో తొలి నేరాల సూచికగా కూడా చూడవచ్చు. నేరాన్ని నిర్వచించి, ఉదాహరణ ఇచ్చి, శిక్ష చెప్పే దాని పద్ధతి చదువరి కోసం చేసినదే. మదరాసు ప్రెసిడెన్సీలో భాగమైనందున ఈ ప్రాంతానికి అది మొదటి నుంచీ వర్తించింది. నిజాం పాలనలోని తెలంగాణకు వేరే శిక్షాస్మృతి ఉండేది. కేంద్ర శిక్షాస్మృతి అక్కడ 1951లో గానీ అమలు కాలేదు.

1898 నాటి నేర విచారణ స్మృతి రెండో షెడ్యూలులో ఈ నేరాలన్నీ గళ్ల పట్టికగా చేరాయి. 1973 స్మృతిలో అది మొదటి షెడ్యూలు అయింది. ఈలోగా శిక్షాస్మృతికి బయట ప్రత్యేక చట్టాలు పెరిగిపోయాయి. నేరాలను సాంఘిక సంక్షేమ, దిద్దుబాటు, క్రిమినల్, ఆర్థిక స్మృతులుగా నాలుగు విభాగాలు చేయాలని 2003లో మళిమఠ్ కమిటీ సూచించింది, అది జరగలేదు. వాడుకలో లేని చట్టాల విషయంలో పని కొంత ముందుకు సాగింది. 1998లో జైన్ కమిషన్ 1,382 చట్టాల రద్దును సిఫారసు చేసింది. 2014లో ఏర్పాటైన కమిటీ 1,741 చట్టాలను గుర్తించింది. తర్వాతి ఏళ్లలో 1,500కు పైగా చట్టాలు రద్దయ్యాయి.

2023లో పార్లమెంటు పీనల్ కోడ్, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టాల స్థానంలో మూడు కొత్త చట్టాలు చేసింది. 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత, 531 సెక్షన్ల భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 170 సెక్షన్ల భారతీయ సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మోసగాణ్ని ‘ఫోర్ ట్వంటీ’ అనడం తెలుగునాట తరాలుగా వాడుక. పీనల్ కోడ్ 420వ సెక్షనులోని ఆ నేరం ఇప్పుడు న్యాయ సంహిత 318(4)లో ఉంది. హత్యకు 302 పోయి 103(1) వచ్చింది. గుంపులు గుమికూడరాదంటూ 1973 స్మృతి 144వ సెక్షను కింద ఇచ్చే ఉత్తర్వులు సురక్షా సంహిత 163 కిందికి మారాయి. జనం నోట నిలిచిన సంఖ్యలు ఒక్కరోజులో మారినందున పాత, కొత్త సెక్షన్లను పక్కపక్కన చూపే పట్టికలు అవసరమయ్యాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఇందుకోసం ‘సంకలన్’ అనే మొబైల్ యాప్‌ను విడుదల చేసింది.

మొదటి షెడ్యూలు పనితీరు

సురక్షా సంహిత మొదటి షెడ్యూలు మొదటి భాగంలో ఆరు గళ్లు ఉంటాయి. సెక్షను, నేరం, శిక్ష, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చా, బెయిలు హక్కుగా దొరుకుతుందా, విచారించే కోర్టు ఏది అన్నవి ఆ గళ్లు. ‘ఏ సెక్షను కింద కేసు కట్టారు?’ అని స్టేషను బయట నిలబడిన కుటుంబం అడిగే ప్రశ్నకు నిజంగా కావలసిన జవాబు చివరి మూడు గళ్లలో ఉంటుంది.

ఒకే సెక్షను పట్టికలో పలు వరసలు కావచ్చు. దొంగతనానికి సంబంధించిన న్యాయ సంహిత 303(2) అందుకు ఉదాహరణ. సాధారణంగా అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరం. సొత్తు విలువ 5,000 రూపాయల లోపై, నిందితునికి అది మొదటి నేరమై, సొత్తును లేదా దాని విలువను తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే. ఆ వరసలో వారెంటు లేని అరెస్టు లేదు, బెయిలు హక్కుగా వస్తుంది. మదనపల్లె టమాటా మార్కెట్‌లో పోయిన ఫోను ఖరీదును బట్టి పోలీసు అధికారమే మారిపోవచ్చన్నమాట.

రెండో భాగం ఇతర చట్టాల నేరాలకు. అందులో నేరాల పేర్లు ఉండవు, శిక్షను బట్టి మూడు సూత్రాలు మాత్రమే ఉంటాయి. మరణశిక్ష, యావజ్జీవం లేదా ఏడేళ్లకు మించిన జైలు ఉన్నవి వారెంటు అక్కర్లేనివి, బెయిలు హక్కు కానివి, సెషన్స్ కోర్టువి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉన్నవీ అలాంటివే కానీ విచారణ మొదటి తరగతి మేజిస్ట్రేటుది. మూడేళ్ల లోపు శిక్ష లేదా జరిమానా మాత్రమే ఉన్నవాటికి వారెంటు కావాలి, బెయిలు హక్కు. ప్రత్యేక చట్టం వేరే మాట చెబితే అదే చెల్లుతుంది. పట్టికలో పెద్ద ఖాళీ ఈ రెండో భాగమే. ప్రత్యేక చట్టాలన్నిటినీ చదివితే గానీ ఆ సూత్రాలు దేనికి వర్తిస్తాయో తేలదు.

ఎన్ని నేరాలు

2025లో విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమల్లో ఉన్న 882 కేంద్ర చట్టాల్లో 370 చట్టాలు శిక్షలు విధిస్తున్నాయి. వాటి కింద 7,305 పనులు లేదా విరమణలు నేరాలు. వీటిలో మూడొంతులకు పైగా హత్య, దోపిడీ వంటి సంప్రదాయ నేరాల పరిధికి బయటివి. రవాణా, పన్నులు, ఆర్థిక సంస్థల వంటి రంగాలకు చెందినవే అందులో ఎక్కువ. వ్యాపార నిబంధనల వరకే పరిమితమై 2022లో వెలువడిన మరో అధ్యయనం కేంద్ర, రాష్ట్ర స్థాయుల్లో కలిపి 69,233 నిబంధనలను లెక్కించి, 26,134 చోట్ల జైలుశిక్ష ఉన్నట్లు చూపింది.

ఈ రెండు లెక్కలకు పొంతన కుదరకపోవడం తప్పు కాదు. ఒక లెక్క పనిని ప్రమాణంగా తీసుకుంటుంది, మరొకటి నిబంధనను. ‘ఈ చట్టాన్ని గానీ, దీని కింద చేసిన నియమాన్ని, ఉత్తర్వును గానీ ఉల్లంఘిస్తే’ శిక్ష అని ఒక్క సెక్షనులో రాసిన చోట చిక్కు మరీ ఎక్కువ. 2023 సవరణకు ముందు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షను అలాంటిదే. అది కాగితం మీద ఒక్క నేరంగా, నియమాలన్నీ విప్పి చూస్తే వందల నేరాలుగా ఉండేది. అలాంటి చోట ఏ ప్రమాణంతో లెక్కించారో చెప్పకుండా ఇచ్చే మొత్తం సంఖ్యకు విలువ తక్కువ.

అమలు స్థితి

సూచిక తయారీలో అతి కష్టమైన, అతి ముఖ్యమైన గడి అమలు స్థితిది. చట్టం పుస్తకంలో అచ్చయిన సెక్షను అమల్లో ఉండకపోవచ్చు, రద్దయిన సెక్షను కింద కేసు నడుస్తూ ఉండవచ్చు.

2000 నాటి ఐటీ చట్టం 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘల్ కేసులో కొట్టివేసింది. అయినా పుస్తకాల్లో ఆ సెక్షను అలాగే ఉండటంతో తర్వాత కూడా పలు రాష్ట్రాల్లో పోలీసులు దాని కింద కేసులు కట్టారు. ఆ సెక్షను కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. లేని నేరానికి మనుషులు నిందితులై కోర్టుల చుట్టూ తిరిగారంటే సరైన జాబితా లేకపోవడం ఎంత నష్టమో అర్థమవుతుంది.

న్యాయ సంహిత 106(2) దీనికి ఎదురు కోవది. నిర్లక్ష్యంగా నడిపి మనిషి మరణానికి కారణమై, పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోయే డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు విధించే ఆ నిబంధనపై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు ఆందోళన చేశారు. మిగతా సంహితతో పాటు దాన్ని జులై 1న అమల్లోకి తేలేదు. అంటే చట్టంలో అచ్చయి ఉన్నా, అది ఆ రోజున నేరంగా మొదలు కాలేదు. మూడో కోవలో పాత పీనల్ కోడ్ ఉంది. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు అదే వర్తిస్తుంది కాబట్టి, ఆ కేసులు ముగిసేదాకా రెండు స్మృతులూ సూచికలో ఉండాలి.

మూడు పట్టణాల నుంచి ఉదాహరణలు

పలమనేరు, కుప్పం అడవుల్లోని కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం 1990లో ఏర్పడింది. అక్కడి నుంచి ఏనుగులు పొలాల మీదికి వస్తాయి. పంట కాపాడుకోవడానికి కంచెకు కరెంటు పెట్టి, దాని వల్ల ఏనుగు చనిపోతే ఆ ఒక్క పని మూడు కేంద్ర చట్టాలను తాకవచ్చు. ఏనుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలు జంతువు కాబట్టి ఆ చట్టం 51వ సెక్షను కింద మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ఆ కరెంటు లైను నుంచి దొంగచాటుగా తీసుకున్నదైతే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను. జంతువును చంపే దుశ్చర్యకు న్యాయ సంహిత 325. ఏనుగు బాధిత గ్రామాల రైతుకు ఈ మూడూ ఒకేచోట తెలుగులో కనబడే పట్టిక అత్యవసరం.

కుప్పం గ్రానైటు మరో పాఠం. అనుమతి లేని తవ్వకం 1957 గనులు, ఖనిజాల చట్టం 21వ సెక్షను కింద నేరం. 2015 సవరణ శిక్షను ఐదేళ్ల జైలుకు, హెక్టారుకు ఐదు లక్షల రూపాయల జరిమానాకు పెంచింది. కానీ గ్రానైటు చిన్నతరహా ఖనిజం, దాని లీజు నియమాలు చేసేది రాష్ట్రం. నేరం కేంద్రానిది, అది ఎప్పుడు జరిగినట్టో నిర్ణయించే నియమం రాష్ట్రానిది. పైగా 22వ సెక్షను ప్రకారం అధికారం పొందిన వ్యక్తి ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోదు. సూచికలో ‘ఎవరు ఫిర్యాదు చేయాలి’ అన్న గడి కూడా ఉండాలనడానికి ఇదే కారణం.

పుంగనూరు పొట్టి ఆవుల జాతికి పేరుపొందిన ఊరు. పశువులను హింసించడం 1960 నాటి కేంద్ర చట్టం 11వ సెక్షను కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆరు దశాబ్దాల నాటి ఆ మొత్తాన్ని నేటి విద్యుత్ కంచె శిక్ష పక్కన పెట్టి చూస్తే చట్టాల మధ్య పొంతన లేమి బయటపడుతుంది. అలాంటి తేడాలు ఎవరికైనా కనబడేలా చేయడం సూచికకున్న మరో ప్రయోజనం.

మదనపల్లె మార్కెట్ యార్డులో తూకం మోసం 2009 లీగల్ మెట్రాలజీ చట్టం పరిధిలోకి, అంటే కేంద్రం కిందికి వస్తుంది. యార్డు లైసెన్సు, క్రయవిక్రయాల నియమాలు 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టానివి. మద్యం రాష్ట్ర జాబితాలోని విషయం. కర్ణాటకలో పన్ను కట్టి కొన్న మద్యాన్ని పరిమితికి మించి సరిహద్దు దాటించి కుప్పం తెస్తే ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద కేసవుతుంది. కేంద్ర సూచిక ఎంత సంపూర్ణమైనా ఈ కేసు అందులో దొరకదు. అందుకే రాష్ట్ర సూచిక కూడా దానికి జతగా ఉండాలి.

పరిధి మారడమూ జరుగుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లో తన 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి నేరం చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా వాటి నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది.

ప్రచురణ, పారదర్శకత

ప్రచురించని చట్టంతో శిక్షించరాదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1951లో హర్లా కేసులో స్థిరపరిచింది. జైపూర్ సంస్థానపు నల్లమందు చట్టాన్ని ఎక్కడా ప్రకటించకపోవడంతో దాని కింద వేసిన శిక్ష చెల్లలేదు. 1965లో మేయర్ హాన్స్ జార్జ్ కేసులో రెండో కొస కనిపిస్తుంది. బంగారం రవాణాపై కొత్త ఆంక్ష 1962 నవంబరు 24న గెజిట్‌లో వచ్చింది. నాలుగు రోజులకు 34 కిలోల బంగారంతో బొంబాయి విమానాశ్రయంలో దొరికిన విదేశీ ప్రయాణికుడు తనకు ఆ సంగతి తెలియదన్నాడు. గెజిట్‌లో ప్రచురణ చాలునని కోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. చట్టం దృష్టిలో గెజిట్ చాలు, తెలుసుకోవలసిన మనిషికి అది చాలదు. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించడమే సూచిక పని.

ప్రస్తుతం కేంద్ర చట్టాల పాఠం ఇండియా కోడ్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1953 నుంచి వస్తున్న ‘క్రైమ్ ఇన్ ఇండియా’ వార్షిక నివేదిక 2022 సంవత్సరానికి 58,24,946 కేసులను చూపింది. వాటిలో 22,63,567 ప్రత్యేక, స్థానిక చట్టాలవి. వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరాలకే ఆ నివేదిక పరిమితం. ఒక కేసులో పలు నేరాలుంటే అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కిస్తుంది. కాబట్టి చిన్న నేరాలు అందులో కనుమరుగవుతాయి. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసులను చట్టం పేరుతోనూ వెతకవచ్చు.

భాష ఇంకా అడ్డంకిగానే ఉంది. 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టాలకు ప్రామాణిక పాఠం ఇంగ్లిషు. 1973లో చేసిన కేంద్ర చట్టం ప్రాంతీయ భాషల్లో ప్రామాణిక అనువాదాలకు వీలు కల్పించింది. బజారులో దొరికే తెలుగు అనువాదాలకు ఆ హోదా ఉండదు. సూచికలోని చిన్న వాక్యాలను తెలుగులోకి తేవడం చట్టాలన్నీ అనువదించడం కన్నా సులువు, ముందుగా చేయదగిన పని.

నేరాల తొలగింపు

2023 జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనల్లో జైలునో, నేరాన్నో తొలగించింది. పర్యావరణ చట్టం 15వ సెక్షనులో ఐదేళ్ల జైలు పోయి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల అపరాధ రుసుము వచ్చింది. 66ఎ సెక్షను కూడా చట్టం పాఠం నుంచి అప్పుడే తొలగింది. 2025 ఆగస్టు 18న లోక్‌సభలో ప్రవేశపెట్టిన రెండో బిల్లు మరో 288 నిబంధనలను నేర పరిధి నుంచి తప్పించాలని ప్రతిపాదించింది. దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపారు. వ్యాపారులకు, చిన్న పరిశ్రమలకు వేధింపు తగ్గుతుందని సమర్థకులు అంటారు. కాలుష్యం, నాసిరకం మందుల వంటి విషయాల్లో భయం పోతుందని విమర్శకులు అంటారు. దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో తేల్చడానికి ఇరుపక్షాలకూ ముందు పూర్తి జాబితా కావాలి.

ఇతర దేశాలు

అమెరికాలో 1982లో న్యాయశాఖ ఫెడరల్ నేరాలను లెక్కించబూని, సుమారు 3,000 అని అంచనాతో సరిపెట్టుకుంది. తర్వాత హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యయనాలు అంతకన్నా పెద్ద సంఖ్యలను చూపాయి. 2025 మే 9న అధ్యక్షుని ఉత్తర్వు, ప్రభుత్వ సంస్థలు తమ నిబంధనల్లోని నేరాల జాబితాను ఏడాదిలోగా సమర్పించాలని ఆదేశించింది.

పౌరులకు అందుబాటు

అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పాలని 22వ అధికరణం, ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలని సురక్షా సంహిత 173 చెబుతున్నాయి. ఆ ప్రతిలో చట్టం పేరు, సెక్షను సంఖ్య ఉంటాయి. వాటితో ఇండియా కోడ్‌లో సెక్షను పాఠాన్ని, మొదటి షెడ్యూలులో బెయిలు గడిని చూసుకోవచ్చు. చదివి చెప్పేవారు లేకపోతే 1987 న్యాయసేవల చట్టం కింద ఏర్పడిన న్యాయ సేవాధికార సంస్థలను అడగవచ్చు. ఆ చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జాతీయ హెల్ప్‌లైన్ సంఖ్య 15100.